కుట్టని పురుగు పేరు

మా పురుగుల ల్యాబ్‌లో నా సీనియర్ అక్కకు ఒక అలవాటుండేది. ఎవరితోనైనా మాట పెరిగిందంటే చాలు, చుడీదార్ చేతిని మోచేతి పైదాకా మడిచేది.

మా ఒర్లియంపేట మురుగుకాలవలో ఆమె పురుగుపిల్లల్ని ఏరుతుంటే ఎదురింటి పెద్దమ్మ అరిచింది. "ఏందమ్మా, దోమల్ని పెంచతా ఉండావా?"

అక్క చెయ్యి మడిచి, రెక్కలొచ్చిన పురుగులున్న డబ్బాలో దూర్చింది. "చూడు పెద్దమ్మా, ఒకటన్నా కుట్టిందా? దోమ మాదిరి ఉంటే దోమైపోతుందా?"

ఒక్కో పిల్లను ఒక్కో చిన్న సీసాలో విడిగా పెంచేది. అది విడిచిన పైతోలు కూడా పారేసేది కాదు. కొత్త జాతేనని డీఎన్ఏ రిపోర్టు వచ్చినా ఆమె ఒప్పుకోలేదు. "దాని ఒళ్ళు కూడా అదే మాట చెప్పాల," అంది. మగపురుగు తోక కొసన ఇంకే జాతికీ లేని కొక్కెం మైక్రోస్కోపులో కనబడినాకే ఆ కొత్త జాతికి పేరు పెట్టే వ్యాసం రాయడం మొదలుపెట్టింది.

అప్పుడు మా పెద్దసారు మమ్మల్నిద్దరినీ పిలిపించి, పురుగుకు తన పేరు పెట్టమన్నాడు. "నీ కాంట్రాక్టు పొడిగించాల్సింది నేనే కదమ్మా," అని నవ్వాడు.

అక్క చెయ్యి మడిచింది.

"ఆ మురుగులో ఇక్కడిదాకా ముంచిన చెయ్యి సార్ ఇది. నేనే నా పేరు పెట్టుకోలేదు. మీరు వేలైనా ముంచినారా?"

ఆ వారమే వ్యాసం సైన్సు పత్రికకు పంపేసింది. కాంట్రాక్టు పోయింది. పురుగు పేరులో మాత్రం మా ఒర్లియంపేట ఉంది. ఒకసారి అచ్చయిన ఆ పేరును చెరిపేయడం ఏ సారు తరమూ కాదు.