ఇనుప పట్టీలు కావాలన్న తండ్రి

ఉత్తరాన మంచు సముద్రం ఒడ్డున ఉన్న మా ఊళ్లో కుక్కల బండి కట్టే మగాళ్లకు కొదవ లేదు. బండిని కాటా పెట్టి చూసేవాడు మాత్రం ఇమీనా ఒక్కడే. వాడు మా అన్నయ్య ఇనుతెక్ కొడుకు. అన్నయ్య పోయిన మరుసటి ఏడాది ఇమీనాకి కూతురు పుడితే, మా ఆనవాయితీ ప్రకారం పోయినవాడి పేరే పెట్టారు. పేరుతో పాటు పోయినవాడే తిరిగి వస్తాడని మా నమ్మకం. కాబట్టి ఆ ఆరేళ్ల పిల్ల కూడా ఇనుతెక్కే. ఇమీనా దాన్ని "నాన్నా" అంటాడు. ముద్దుకి కాదు, నిజంగానే. నేను "అన్నయ్యా" అంటాను. అదేమో నాకెదురుగా కాళ్లు చాపుకుని కూర్చుని, "ఏమే చెల్లీ, కాఫీ పెట్టవా?" అంటుంది. అలాంటి పిల్లని ఎవరూ కసరరు, అడిగింది కాదనరు. కాదంటే పేరు అలుగుతుంది. పేరు అలిగితే పిల్ల జబ్బు పడుతుంది, వెళ్లిపోతే పిల్లే దక్కదు.

బండి కింద మంచు మీద జారే రెండు పొడుగాటి చెక్కలకి పట్టీలు తొడుగుతాం. ఇనుపవి తొడగాలా, తెల్ల ప్లాస్టిక్‌వి తొడగాలా అన్నది మగాళ్లు కాఫీ తాగుతూ వాదించుకునే సంగతి. ఇమీనా వాదించడు. ఇంటి వెనక రెండు బుల్లి బండ్లు పెట్టుకుని, ఒకదానికి ఇనుము, ఒకదానికి ప్లాస్టిక్ తొడిగి, ఒకే బరువు వేసి, చేపలు తూచే కొక్కెం కాటా తగిలించి లాగుతాడు. ఎంత బలం పడుతుందో కాటా చూపిస్తుంది. పక్కనే థర్మామీటర్. అక్కడ ఏదైనా జరుగుతుంటే నేను ఇంట్లో కూర్చోలేను.

"ఏం చేస్తున్నావురా? ఆ బండ్లని సీలు మాంసంలా తూచి అమ్ముతావా?"

"ఇవి ఎంత మొరాయిస్తున్నాయో చూస్తున్నానత్తా. బండి జారేది మంచు మీద కాదు, నీటి మీద. పట్టీ రాపిడికి కంటికి కనపడనంత నీరు పుడుతుంది. ప్లాస్టిక్ ఆ వేడిని పోనివ్వదు. ఇనుము లాగేసుకుంటుంది. చలి బాగా ముదిరాక ఇనుముతో వెళ్తే ఇసకలో ఈడ్చినట్టే."

"మీ నాన్న బతికున్నన్నాళ్లూ ఇనుముతోనే తిరిగాడుగా?"

"వసంతంలో తడి మంచుకి ఇనుమే మేలు. నాన్నకి చలికాలానికి తిండి నిలవుండేది, చలి తగ్గేదాకా ఆగి వెళ్లేవాడు. నమ్మకపోతే ఆ ఇనుము మీద నాలుక పెట్టి చూడు. అతుక్కుపోతుంది, వసంతం దాకా ఊరికి కాస్త ప్రశాంతంగా ఉంటుంది."

వెధవ! నవ్వలేక చచ్చాను.

ఆ ఏడు నవ్వులు అంతటితో సరి. సముద్రం ఆలస్యంగా గడ్డకట్టింది. మాకూ కుక్కలకీ తిండి పెట్టే వాల్రస్ వేట లేదు. కొట్లో కుక్కల మేత అయిపోయింది. ఓడ వచ్చేది ఎండాకాలానికి. ఎవరి కుక్కలకీ చాలని కాలంలో ఎవర్ని అడుగుతాం? ఇమీనా కుక్కల డొక్కలు లోపలికి పోయాయి. ఇక ఉన్నదొకటే దారి: హిమానీనదం సముద్రాన్ని తాకేచోట మంచుకి కన్నాలు వేసి పెద్ద చేపలు పట్టుకు రావాలి. తెస్తే కుక్కలు బతుకుతాయి. తేలేకపోతే ఎవడి కుక్కల్ని వాడే తుపాకీతో కాల్చి చంపుకోవాలి. ఇంకొకడి చేతికి ఇవ్వడం మాలో లేదు.

బయల్దేరే ముందు పట్టీలు బిగించడానికి బండిని ఇంట్లోకి తెచ్చారు. ఆ పని వెచ్చటి ఇంట్లోనే చెయ్యాలి, చలిలో మరమేకు తిప్పితే చెక్క చీలిపోతుంది. ఇమీనా ప్లాస్టిక్ పట్టీలు అందుకున్నాడు. అప్పటిదాకా ఎండుచేప నములుతున్న పిల్ల లేచి వచ్చింది.

"అవి కాదు. ఇనుపవి."

"ఇవి తేలిగ్గా జారతాయి నాన్నా."

"ఇది నా బండి. నా బండికి ఇనుమే."

నిజానికది అన్నయ్య బండే. అన్నయ్య కూడా సరిగ్గా అలాగే గడ్డం పైకెత్తేవాడు. ఇమీనా భార్య బెబియానె ఒక్కతే నోరు తెరిచింది.

"నాన్న మాట వినాల్సిందే, కాదన్లేదు. మరి నీ కాటా మాటో? రోజంతా బయట గడ్డకట్టుకుపోయి లాగావు కదా, దేనికి?"

"శరత్కాలంలో దీనికి ఊపిరాడక ఎలా అయిపోయిందో మరిచిపోయావా? ఇప్పుడు కాదంటే... బెబియానే, పేరు వెళ్లిపోతే?"

ఇమీనా ఇనుప పట్టీలు తీసుకుని ఒక్కో మరా బిగించాడు. పిల్ల పక్కనే నిలబడి, "గట్టిగా," అంటూ ఉంది.

వాడు వెళ్లాక చలి విరుచుకుపడింది. ఉమ్మితే నేల తాకేలోపే గడ్డకట్టే చలి. బెబియానె కిటికీ దగ్గర్నించి కదల్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఇమీనా నడిచి వచ్చాడు. వెనక మూడు కుక్కలు. బండి లేదు. చలికి వేళ్ల కొసలు నల్లబడ్డాయి. ఎవరూ ఏమీ అడగలేదు. నేను అడిగాను, అడగకుండా ఉండే మనిషిని కాను కదా.

"చేపల దాకా వెళ్లనే లేదత్తా. మంచు ఇసకైపోయింది. తుపాకీ, కాటా తప్ప సామానంతా పారేశాను. నా తిండి వాటికే పెట్టాను. లాగుతూనే ఉన్నాయి, పాపం. ముందుండే ఆడకుక్క పడుకుని నా వైపు చూసింది. ఇక లేవలేదు. దాని వెనకే మిగతావీ. బండికి కాటా తగిలించి చూశాను. ఇంటి వెనక ఇనుముకి చూపించినంతే చూపించింది."

"మరి ఆ కుక్కలు...?"

"పడుకున్నవాటిని వదిలేసి రాలేను కదా."

ఇంకేమీ అడగలేదు. నా జన్మలో మొదటిసారి.

ఇప్పుడు ఇమీనా ఇంటి వెనక్కి వెళ్లడు. మొన్న ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఏ పట్టీ మంచిదని అడిగితే, "నాకు తెలీదు," అన్నాడు. వాడికి తెలుసు, నాకు తెలుసు, బెబియానెకి తెలుసు. ప్లాస్టిక్ అంటే, మరి నువ్వెందుకు ఇనుము వేశావని అడుగుతారు. దానికి జవాబు చెబితే తండ్రి మీద నేరం మోపినట్టే. ఆ తండ్రేమో గుమ్మంలో కూర్చుని బొమ్మకి బూట్లు తొడుగుతోంది.

నిన్న నేనక్కడే ఉన్నాను. పిల్ల వచ్చి వాడి ఒళ్లో కూర్చుంది.

"ఇనుపవి వెయ్యమని నేనే చెప్పాను కదూ?"

"అవును నాన్నా."

"మంచి బండి కదూ?"

"చాలా మంచి బండి."

"మరి కుక్కలన్నీ ఎప్పుడొస్తాయి?"

బెబియానె పొయ్యి వైపు తిరిగిపోయింది. ఇమీనా ఆ నల్లబడ్డ వేళ్లతో పిల్ల జుట్టు సవరిస్తూ కూర్చున్నాడు.

"వచ్చే చలికాలం నన్నూ తీసుకెళ్లాలి," అంది పిల్ల గడ్డం ఎత్తి.

"సరే నాన్నా," అన్నాడు.