చెల్లికి ముందే నయమైంది

మా చెల్లెలి కళ్లు నా కళ్ల కంటే ముందు నయమయ్యాయి. ఇన్నేళ్లయినా ఈ సంగతిని నేను పూర్తిగా మన్నించలేకపోయాను. ఇద్దరికీ ఆపరేషన్ ఒకే రోజు, ఒకే ఆసుపత్రిలో, ఒకే డాక్టరు చేతుల మీదుగా జరిగింది. పెద్దదాన్ని కనుక ముందు బల్ల ఎక్కింది నేనే. మర్నాడు పొద్దున కళ్ల మీది ప్లాస్టిక్ మూతలు తీయగానే చెల్లి మంచం మీంచే గోడ క్యాలెండర్ చదివింది. తేదీలైతే పోనీ అనుకోవచ్చు, వాటి కింద సన్నగా అచ్చేసే తిథులు కూడా చదివేసింది. నాకు క్యాలెండరే సరిగ్గా కనిపించలేదు. గోడ మీద ఏదో తెల్లగా ఉందని మాత్రం తెలుస్తోంది. అమ్మ చెల్లి గడ్డం పట్టుకుని మురిసిపోతుంటే, నేను నీళ్లు కారే కళ్లతో గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ క్షణంలో దాని చూపు మళ్లీ మసకబారితే బాగుండునని కోరుకున్నాను. సిగ్గుపడాల్సిన మాటే, కానీ కోరుకున్నది నిజం.

పైగా ఆపరేషన్ ఆలోచన నాది. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొంతకాలమే అయింది. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వైపు వెళ్లే దారిలో కోళ్ల ఫారాలు చాలా ఉండేవి. వాటి మధ్య ఉన్న ఒక హేచరీలో, అంటే గుడ్లను మిషన్లలో పొదిగించి పిల్లల్ని చేసే చోట, మేమిద్దరం పనికి పోయేవాళ్లం. చెల్లిది ట్రేలు మోసే పని, కడిగే పని. నాది గుడ్లు చూసే పని. చీకటి గదిలో ఒక బల్ల, దాని కింద వరసగా బల్బులు ఉండేవి. వారం రోజులు పొదిగిన గుడ్ల ట్రేని ఆ బల్ల మీద పెడితే వెలుగు గుడ్లలోంచి పైకి వస్తుంది. లోపల ప్రాణం ఉంటే ఎర్రటి నరాలు కనిపిస్తాయి. లేకపోతే గుడ్డంతా ఖాళీగా వెలుగుతుంది. ఖాళీవి ఏరి బుట్టలో వేయాలి, మిగతావి మళ్లీ మిషన్లోకి పోతాయి. హేచరీ మొత్తంలో కూర్చుని చేసే పని అదొక్కటే. ఆ కుర్చీ నాదని నాకు మహా గర్వంగా ఉండేది.

చిక్కంతా అద్దాలతోనే. నాకు మైనస్ ఏడున్నర. ఊళ్లో నా పేరు చెబితే గుర్తుపట్టని వాళ్లు కూడా సోడాబుడ్డి అంటే గుర్తుపట్టేవాళ్లు. చెల్లికి మైనస్ మూడే, అద్దాలు పల్చగా ఉండి దాని ముఖానికి అందంగా కూడా ఉండేవి. మిషన్ల గదిలో వేడికీ చెమ్మకీ నా అద్దాలు నిమిషానికోసారి ఆవిరి పట్టేవి. తుడుచుకునేలోపు ట్రే చల్లారిపోతోందని సూపర్‌వైజర్ అరిచేవాడు. అద్దాల అవసరం లేకుండా చేసే లేజర్ ఆపరేషన్ సంగతి హేచరీకి మందులు తెచ్చే ఆయన దగ్గర విన్నది నేను. సిటీలో ఆసుపత్రి కనుక్కున్నది నేను. చీటీ పాడింది నా పేరు మీదే. చివర్లో అమ్మ ఒకే మాటతో తేల్చేసింది. “ఇద్దరు ఆడివిల్లలు. ఒకదానికి చేపిచ్చి ఇంకోదానికి చేపియ్యకపోతే మంచిగుంటదా?”

అలా నా వెనకాలే వచ్చిన చెల్లి, నా ముందుకు వెళ్లిపోయింది.

మొదటి వారం ఇంట్లో ఇద్దరం నల్లద్దాలు పెట్టుకుని కూర్చునేవాళ్లం. తలస్నానం లేదు, కళ్లు నలపకూడదు, పూటకు ఇన్నిసార్లని చుక్కలు వేసుకోవాలి. చూడటానికి వచ్చినవాళ్లంతా చెల్లి అద్దాలు తీయించి మరీ చూసేవాళ్లు. “అబ్బ, కండ్లు ఎంత పెద్దగున్నయే నీకు! గిన్ని దినాలు అద్దాల ఎనక దాసిపెట్టినవ్” అనేవాళ్లు. నా వైపు తిరిగి “నీకెట్లున్నదమ్మా?” అని అడిగి, జవాబు వినకముందే చాయ్ తాగేవాళ్లు. నాలుగో రోజుకు అమ్మకు భయం పట్టుకుంది. బిడ్డ కళ్లకు నలుగురి దిష్టి తగులుతోందని ఎండు మిరపకాయలు, ఉప్పు చెల్లి చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటు ఇల్లంతా నిండింది. చెల్లి చక్కగా వాకిట్లోకి నడిచి వెళ్లింది. నేను దారి సరిగ్గా కనిపించక గడప దగ్గర తడబడి, దగ్గుతూ, రెండు కళ్లూ నిప్పుల్లా మండుతుంటే గోడ పట్టుకుని నిలబడ్డాను. దిష్టి దానికి, పొగ నాకు. నాకు దిష్టి ఎందుకు తీయలేదని అడగాలనిపించింది. నా కళ్లను చూసి కుళ్లుకునేవాళ్లు ఎవరున్నారని తోచి ఊరుకున్నాను.

వారం తర్వాత ఆసుపత్రికి వెళ్లాం. గోడకు తెలుగు అక్షరాల బోర్డు ఉంటుంది. పైన పెద్ద అక్షరం, కిందికి పోను పోను చిన్నవి. ఈసారి చెల్లిని ముందు పిలిచారు. ఒక కన్ను మూసుకుని, తర్వాత రెండో కన్ను మూసుకుని పాఠం అప్పజెప్పినట్టు చివరి వరస దాకా గడగడా చదివింది. అక్కడి నర్సు “శభాష్” అంది. వెనక కుర్చీలో కూర్చుని నేను విన్నాను. బళ్లో ఎక్కాలైనా పద్యాలైనా ఒకసారి వింటే నాకు వచ్చేసేవి. ఇక్కడ రెండుసార్లు విన్నాను.

నా వంతు వచ్చింది. మూడో వరస దాకా నిజంగానే కనిపించింది. ఆ కింద అంతా చీమలు పారినట్టుంది. అక్కడే ఆగిపోవాల్సింది. చెల్లి పక్కనే నిలబడి ఉంది, నర్సు నా నోటి వంక చూస్తోంది. నేను ఆగలేదు. చివరి వరస దాకా అప్పజెప్పేశాను. బట్టీ పట్టినట్టు తెలిసిపోతుందేమోనని మధ్యలో ఒకచోట కావాలనే కాస్త తడుముకున్నాను కూడా. లోపల డాక్టరు దీపం వేసి చూసి, ఏమైనా ఇబ్బందిగా ఉందా అని అడిగాడు. ఏమీ లేదన్నాను. “అయితే ఇద్దరూ వాపు తగ్గించే చుక్కలు తగ్గించుకుంటూ ఆపేయండి” అన్నాడు. ఇద్దరూ అన్న ఆ మాట నాకు బంగారంలా వినిపించింది. అల్వాల్ దాటేదాకా బస్సులో నవ్వుకుంటూనే ఉన్నాను.

పనిలోకి వెళ్లాక నా తెలివి ఏపాటిదో తెలిసింది. చీకటి గదిలో బల్బులు వేయగానే ప్రతి వెలుగు చుట్టూ ఒక రంగుల వలయం పుట్టింది. గుడ్ల అంచులు కలిసిపోయాయి. నరాలున్న గుడ్డు కూడా పక్క గుడ్డు వెలుగులో మెరిసి ఖాళీగా అనిపించేది. నేను సెలవులో ఉండగా నాకంటే ముందు పనిలోకి వచ్చిన చెల్లి నాలుగు రోజులు ఆ కుర్చీలో కూర్చుందట. సూపర్‌వైజర్ మొహమాటం లేకుండా చెప్పాడు. “నీ చెల్లె జల్దీ చేసింది, మంచిగ చేసింది. నిన్ను నెల దినాలు జూస్త. కండ్లు కుదురుకోకపోతె కుర్చీ ఆమెది, ట్రేలు కడుగుడు నీది.”

ఆ నెలంతా భయంతోనే గడిచింది. ఇంటికొచ్చి ఒక్కో కన్ను మూసి క్యాలెండర్ చూసుకునేదాన్ని. జీవితాంతం ఇంతేనేమో, ఉన్న చూపు కూడా పోగొట్టుకున్నానేమో అనుకునేదాన్ని. ఎవరికి చెప్పుకోవాలి? బాగుందని డాక్టరుకు చెప్పింది నేనే. పక్క మంచం మీద చెల్లి హాయిగా నిద్రపోతుంటే దాని మూసిన రెప్పల్ని చూసి కూడా ఒళ్లు మండేది.

విచిత్రం ఏమిటంటే, నా పని బాగుందన్నారు. రెండో వారంలో లెక్క చూసి సూపర్‌వైజర్ “తప్పులే లేవు గదా, కండ్లు మంచిగైనయన్నట్టు” అన్నాడు. నేను చెల్లి వైపు తలెగరేసి చూశాను. అది నా ఖాళీ గుడ్ల బుట్ట ఎత్తుకుని బయటికి పోయింది. ఆ బుట్ట తీసుకెళ్లడం దాని పనే. అయితే వెళ్లిన ప్రతిసారీ ఆలస్యంగా తిరిగి రావడం నేను గమనించాను. ఒకరోజు తొంగి చూస్తే నడవలో తెర వెనక టార్చి లైటు వెలుగు కదులుతోంది. నా గుడ్లను ఒక్కొక్కటీ ఎత్తి చూస్తోంది. నా తప్పులు ఏరి సూపర్‌వైజర్ ముందు పెడుతుందని నాకు వెంటనే అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందని అనుకున్నాను.

ఇంటికి పోయే దారిలో కడిగేశాను. “నా కుర్చీ మీదనే ఉన్నదా నీ కన్ను? నా కండ్లు ఖరాబైతె నీకు మస్తు ఖుషీ గదా?”

“నేనేమన్ననే? ఉత్తగనే ఎందుకు లొల్లి వెడ్తున్నవ్?” అంది చెల్లి. ఆ తర్వాత మూడు రోజులు మాట్లాడుకోలేదు.

హేచరీలో ఒక అలవాటు ఉండేది. శనివారం ఖాళీ గుడ్లను పనివాళ్లు పంచుకుని ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. లోపల ఏమీ పడలేదు కనుక అవి మామూలు గుడ్లే. ఆ శనివారం కోడిపిల్లల్ని తీసుకెళ్లే బండి తొందరగా వచ్చిందని చెల్లిని పొద్దున్నే ప్యాకింగ్ వైపు పంపారు. నా బుట్ట వేరే ఎవరో మోశారు. సాయంత్రం మా వంతు గుడ్లు నేనే ఇంటికి తెచ్చాను. పొరుటు చేద్దామని చెల్లి గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. రెండు గుడ్లు పగలగొట్టింది. మూడోది పగలగొట్టి, చటుక్కున గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“ఏందది?” అన్నాను.

“ఏం లేదు, మురిగింది.”

చెయ్యి తీయించి వంగి చూశాను. దగ్గరివి నాకు కొంచెం బాగా కనిపించేవి. ఎర్రటి సన్నని దారాలు, వాటి మధ్య వేలి గోరంత ముద్ద, దాని మీద నల్లటి చుక్క. వారం పిల్లలో అన్నిటికంటే ముందు తెలిసేది కన్నే. నేను ఖాళీ అని ఏరి పారేసినది అది. ఆ సాయంత్రం ఇంకా ఎవరెవరి గిన్నెల్లో ఏమేమి పడ్డాయో అనుకున్నాను.

చెల్లి గిన్నె తీసుకుని పెరట్లోకి పోయి, మన్ను కప్పి వచ్చింది. అప్పుడు చెప్పింది. “నువ్వొచ్చిన కాడికెల్లి నీ బుట్ట రోజూ నేనే జూస్తున్న. దినానికి యాభై దాక పానమున్నయే వస్తున్నయ్. ఎవ్వలు జూడకుంట మల్ల ట్రేలల్ల పెడ్తున్న. నీకేం గనవడ్తలేదని నాకు ఎరుకే అక్కా.”

“మరి సూపర్‌వైజర్‌కు ఎందుకు చెప్పలె?”

చెల్లి చేతికంటిన మన్ను దులుపుకుంది. “చెప్దామని రెండుసార్లు పోయిన,” అంది. “దినమంత నిలబడి కాళ్లు గుంజుతుంటే కుర్చీ మీదికి మనసు పోదా? పోయి తలుపు కాడికెల్లే మర్లొచ్చిన.”

అది దేవతలా మాట్లాడి ఉంటే నేను ఆ రాత్రి కూడా ఏదో ఒకటి అనేదాన్ని. అలా మాట్లాడలేదు కనుక, నాకు ఏడుపొచ్చింది. అక్షరాలు అప్పజెప్పిన సంగతి చెప్పేశాను. చెల్లి నా నెత్తి మీద ఒక్కటిచ్చింది. పెద్దదాన్ని అని కూడా చూడలేదు.

సోమవారం ఆసుపత్రిలో నేను ముందు వెళ్తానని అడిగి మరీ వెళ్లాను. మూడో వరస దగ్గర ఆగిపోయాను. పోయినసారి చేసింది కూడా చెప్పాను. డాక్టరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. వాపు పూర్తిగా తగ్గకముందే చుక్కలు ఆపేశానని, కంటి పైపొర ఎండిపోయిందని, ఇంకో నెల ఆలస్యం చేసి ఉంటే కష్టమయ్యేదని అన్నాడు. మళ్లీ చుక్కలు మొదలయ్యాయి. సూపర్‌వైజర్‌కు నేనే చెప్పాను. కుర్చీ చెల్లికి ఇచ్చి, రెండున్నర నెలలు నేను ట్రేలు కడిగాను. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, చీకటి గదిలోంచి వచ్చే దాని నవ్వు వింటూ ప్రతిరోజూ పళ్లు కొరుక్కున్నాను. మేలు చేసినవాళ్ల మీద అసూయ ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి, ఇంకా ఎక్కువే ఉంటుంది. తర్వాత ఒక పొద్దున పనికి పోతుంటే చెరువు కట్ట మీది రాళ్లు విడివిడిగా కనిపించాయి. ఆ వారమే కుర్చీ నాకు తిరిగి వచ్చింది.

ఇంకో ఏడాది గడిచాక, తూంకుంట స్టాపులో ఇద్దరం సికింద్రాబాద్ బస్సు కోసం నిలబడ్డాం. దూరం నుంచి బస్సు వస్తోంది. నేను దాని నంబరు చెప్పాను. చెల్లి కళ్లు చికిలించి చూసింది.

“నాకు గనవడ్తలేదక్కా,” అంది. “పదిహేను దినాల సంది గిట్లనే ఉంటాంది. మల్ల అద్దాల నంబరొచ్చిందో ఏందో.”

డాక్టరు దగ్గరికి రేపే పోదామని, కంగారు పడవద్దని చెప్పాలి. చెప్పాను కూడా, కానీ వెంటనే కాదు. ముందు నా లోపల ఏదో తేలికైంది. చాలా రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్లినట్టయింది. చెల్లి బస్సు వంక చూడటం మానేసి నా వంక చూస్తోంది. దానిది హ్రస్వదృష్టి. దూరపు బోర్డు ఆనకపోయినా, జానెడు దూరంలో ఉన్న నా ముఖం దానికి బాగానే కనిపిస్తోంది.

“నవ్వుతున్నవా అక్కా?” అంది.