బాపు పాట కోసం రెండు స్పీకర్లు

మా బాపు, అంటే మా నాన్న, భజనలు పాడేవాడు. పోయినేడు ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు ఏం చెప్పాలన్నా పలక మీద రాస్తాడు. పాత క్యాసెట్‌లోని ఆయన పాటను ఫోన్‌లోకి ఎక్కించి కారులో వినిపిస్తే, "గిది నా గొంతు కాదు" అని రాశాడు. సెకండ్ హ్యాండ్ కారు, చిరిగిన స్పీకర్లు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. కొత్త స్పీకర్ల కోసం నాలుగు వేలు జేబులో పెట్టుకుని ఆయనతో నిజామాబాద్ బయలుదేరాను.

ఎనిమిదిన్నరకు వర్ని దాటాం. తొమ్మిదింబావుకు బోధన్‌లో చాయ్ తాగుతుంటే ఒక చెరకు రైతు లిఫ్ట్ అడిగి ఎక్కాడు. సంగతి విని, "ఎనక పెద్ద బేసు డబ్బా పెట్టియ్యి అన్నా, గుండెలదరాలె" అన్నాడు. బాపు గుండె మీద చెయ్యి వేసుకుని నా వైపు భయంగా చూశాడు. చెరకు ట్రాక్టర్ల వెనక ఈడ్చుకుంటూ పదిన్నరకు నిజామాబాద్ చేరి రైతును దింపాం.

మొదటి దుకాణంలో పెట్టె మీద మూడు వందల వాట్లని చదివి నేను మోజుపడ్డాను. వాళ్లు దరువు పాట తప్ప ఇంకేదీ వినిపించలేదు. బాపు నా చొక్కా పట్టి బయటికి లాగాడు. రెండో దుకాణం నడిపే ఖలీల్ భాయ్ అడిగి మరీ మా పాటే పెట్టాడు.

"పెట్టె మీది లెక్క వరదొచ్చిన నాటి కాలువ అన్నా. రోజు ఎంత పారుతదో గది సూడాలె, దాన్నే ఆర్‌ఎంఎస్ అంటరు. మీ కారు స్టీరియో ఇచ్చేదే పదిహేను వాట్లు."

మా పొలం కాలువ చివర ఉంది కాబట్టి వెంటనే అర్థమైంది. "మరి యాంప్లిఫయర్ కావాలా?"

"దండుగ. సెన్సిటివిటీ తొంభై దాటింది తీస్కో, తక్కువ కరెంటుకే గట్టిగ పలుకుతది. ముంగట తలుపులకే పెట్టు. మిగిలిన పైసలతోని తలుపు లోపట షీటు అతికిపియ్యి, రేకు అదరదు."

బాపు కళ్లు మూసుకుని మూడు జతలు విన్నాడు. మూడో దాని మీద చెయ్యి వేశాడు. జత రెండు వేల ఎనిమిది వందలు, షీటు ఆరు వందలు, బిగింపు నాలుగు వందలు. బిగించేలోపు పక్క హోటల్లో ఆయనకు సాంబారులో నానబెట్టిన ఇడ్లీ, నాకు భోజనం.

రెండింటికి తిరుగు ప్రయాణం. డోలక్ వేరుగా, తాళాలు వేరుగా, నడుమ బాపు గొంతు. ఎడపల్లి దాటాక ఆయన చెయ్యి చటుక్కున లేచింది. ఇది కూడా కాదంటాడేమో! కారు ఆపాను. ఆ ముక్క మళ్లీ పెట్టమని సైగ చేశాడు. విని, భుజాలు కదిలేలా చప్పుడు లేకుండా నవ్వాడు. పలక అందుకున్నాడు.

"గీడ తాళం తప్పింది నేనే. ఊకెనే పోశన్నను తిట్టిన."

పోశన్న ఆ భజనలో డోలక్ వాయించినవాడు, బోధన్‌లోనే ఉంటాడు. ఆ రోజు మాట పడి, తర్వాత భజనకు రావడం మానేశాడట. బాపు కింద ఇంకో ముక్క రాశాడు: "బండి ఆయనింటికి తిప్పు."

మూడింటికి వాళ్ల వాకిట్లో కారు తలుపులు తెరిచి పాట పెట్టాను. పోశన్న వంగి విన్నాడు. పలక చదివాడు. దాన్ని బాపు చేతిలో పెట్టి, కారు తలుపు దగ్గరికి జరిగాడు.

"ఇంకోపారి పెట్టు బిడ్డా," అన్నాడు, "మీ బాపు తప్పిన కాడికెల్లి."

సౌండ్ బాపే పెంచాడు.