రత్నాకర్‌కు నేనిప్పించిన ఐదు వికెట్లు

ఆదివారం ఉదయం ఆరింటికి గుంటూరులో పర్చూరు బస్సెక్కాను. ఈ దారిన వచ్చే పాఠకులకు ఒక మాట: మిరప కోతల కాలంలో కిటికీ పక్క సీటు కోరుకోకండి. ముందు మిరపకాయల లారీ ఉంటే చిలకలూరిపేట దాకా తుమ్ముతూనే ఉండాలి.

నేను వెళ్తున్నది ఒక అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడానికి. రత్నాకర్ మా ఊరివాడు, చిన్నప్పుడు నాతో ఆడినవాడు. మంచి ఆల్‌రౌండర్. భారత జట్టుకు కొన్ని మ్యాచ్‌లు ఆడాడు. ఆ తర్వాత పిలుపు రాకపోవడంతో న్యూజిలాండ్ వెళ్ళి అక్కడి దేశవాళీ జట్టులో చేరి చాలా ఏళ్ళు ఆడాడు. వేరే రంగు చొక్కాలో అతని ఫొటో చూసి, టీకొట్టు దగ్గర నేనే అన్నాను: "దేశం మార్చేశాడు, రేపు మనమీదే ఆడతాడు." నన్ను ఏ జట్టూ పిలవలేదు కదా, ఆ మాట అన్నాక టీ రుచిగా అనిపించింది.

ఇప్పుడతను ఆట మానేసి ఇంటికొచ్చాడు. మొదట ఆడిన చోటే చివరి మ్యాచ్ ఆడతానన్నాడు. ఆ చోటు మిరపకాయలు ఆరబోసే కల్లం. కాయలు మార్కెట్ యార్డుకు వెళ్ళిపోయాక అదే మా పిచ్. అయితే దేవదానం మాస్టారు సున్నంతో క్రీజు గీయనిదే అక్కడ ఆట మొదలవదు. మా ఇద్దరికీ ఆట నేర్పిన డ్రిల్లు మాస్టారాయన. "దేశాన్నొదిలేసినోడికి నేను గీత గియ్యను" అన్నారట.

చిలకలూరిపేటలో ఇడ్లీ తిని మళ్ళీ బస్సెక్కితే, పక్క సీట్లో ఒక పత్తి రైతు.

"రత్నాకర్ మ్యాచ్‌కాండీ? మనోళ్ళవి ఐదు వికెట్లు తీసి గంతులేశాడంట!"

"మనమీద ఎప్పుడూ ఆడలేదండీ."

"మీకు తెలీదులెండి. మా తోడల్లుడు టీవీలో చూశాడు."

తొమ్మిదిన్నరకు ఊళ్ళో దిగాను. చర్చి మెట్లు దిగుతున్న మాస్టారికి అంతా చెప్పాను. అతను ఆడింది మన రంజీ లాంటి ఆటేననీ, దేశం మార్చాడన్న మాట పుట్టించింది నేనేననీ.

ఆయన చేతిలోని బైబిలు చంకలో పెట్టుకున్నారు. "ఒరేయ్, జన్మలో ఒక్క బంతీ వికెట్ల మీదికి వెయ్యలేదు. ఇది మాత్రం సూటిగా వేశావురా! నడు, సున్నం బకెట్ పట్టుకో."

కల్లం దగ్గర రత్నాకర్ ఎదురొచ్చాడు. నా సంగతి నాకంటే ముందే అక్కడికి చేరింది. "నువ్వేనంట కదన్నా? పోన్లే, ఐదు వికెట్లిప్పించావు. మనోళ్ళకి ఆడినప్పుడు నాకు దక్కింది రెండే."

మాస్టారు వంగి గీత గీశారు. రత్నాకర్ మొదటి బంతి వేసి, తిరిగొచ్చిన బంతిని ప్యాంటుకు రుద్ది, అదే చేత్తో కన్ను తుడుచుకున్నాడు. కల్లంలో మిగిలిన కారమంతా కంట్లోకెళ్ళింది. నీళ్ళు ధారకట్టాయి.

"ఏరా, కల్లంలో బంతి పట్టిన చెయ్యి కంట్లో పెడతారట్రా! అన్నీ మర్చిపోయావా?" అంటూ మాస్టారు మంచినీళ్ళతో అతని కళ్ళు కడిగారు. తర్వాత అటు తిరిగి తన కళ్ళూ తుడుచుకున్నారు.

సాయంత్రం ఐదింటి బస్సులో మళ్ళీ ఆ రైతే. "చూశారా అండీ, తప్పు తెలుసుకుని ఎట్టా ఏడ్చాడో!"

ఈసారి వదలదలచుకోలేదు. "అది కారమండీ. బంతికి అంటింది."

"మరి మాస్టారో? ఆయన బంతి ముట్టుకోలేదే?"

పేట వచ్చేదాకా ఆలోచించాను. సరిదిద్దడానికి నాకేమీ దొరకలేదు.