తెల్ల దారంతో కుట్టిన మాట

వీధిలో అందరూ కుట్లమ్మ అని పిలిచే ఆ మనిషికి కావలసిందల్లా ఒక్కటే, వెనక గది. ఇంట్లో వెలుతురొచ్చే కిటికీ ఆ గదికొక్కదానికే ఉంది. అందులో ఆమె మొగుడి అక్క తిష్ఠ వేసింది. నాలుగు రోజులుండి పోతానని వచ్చిన మహాతల్లి, తెచ్చుకున్న పెట్టె మీద ఇప్పుడు కుండీ పెట్టి మొక్క కూడా పెంచుతోంది. కుట్లమ్మేమో వంటగది గుమ్మంలో, పొయ్యి సెగకు చెమటలు కక్కుతూ, చట్రం మోకాళ్ల మీద పెట్టుకుని కుట్టుకోవాలి. కడుపు మండదా మరి?

పోనీ వదిన ఊరికే ఉంటుందా? ఆమె నోటికి అడ్డూ అదుపూ లేదు. కుట్లమ్మ ఎదురు చెప్పేది కాదు. ఒక పాత తెల్ల దుప్పటి తీసి, పడ్డ తిట్టునల్లా ఎర్ర దారంతో, గొలుసు కుట్టులో దాని మీదికి ఎక్కించేది. ‘చేతకానమ్మకే చేష్టలెక్కువ’ ఒక మూల. ‘కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి’ ఇంకో మూల. ‘నీ కుట్లకంటే కుక్క చింపిన గుడ్డ నయం’ అన్నది నడిమధ్యన, చుట్టూ ఆకులూ తీగలతో సహా. అది నిండుతున్నకొద్దీ ఆమెకు కాస్త కడుపు చల్లబడేది.

ఇక మొగుడు. గోడౌనులో తూకాలు వేసే మనిషి, ఇంట్లో మాత్రం ఏ పక్కకూ మొగ్గడు. గోడ మీద పిల్లి. మీ ఇద్దరి మధ్యలోకి నన్ను లాగకండి అని పళ్లెం ముందుకు జరుపుకునేవాడు. వీధిలో అతనికి సాధువని పేరు.

ఒకరోజు పరదాలకు అంచులు కుట్టించుకోవడానికి ప్రదర్శనశాల నడిపే ఆవిడ వచ్చి, ఆ దుప్పటి చూసి నోరెళ్లబెట్టింది. దారంతో బొమ్మలు కుట్టే కళాకారుల పనుల పక్కన దీన్నీ వేలాడదీస్తానంది. కుట్లమ్మ వెంటనే ఒప్పుకుంది. పదిమందీ చూస్తుండగా వదిన తల దించుకోవాలి, ఆ సిగ్గుతో పెట్టె సర్దుకోవాలి. ఆమె ఆశంతా అదే.

ప్రదర్శన మొదటి రోజున సంగతేమీ చెప్పకుండా మొగుణ్నీ వదిననీ వెంటబెట్టుకు వెళ్లింది. జనం తిట్లు పైకి చదువుకుని పడీ పడీ నవ్వుతున్నారు. ఇవన్నీ ఎవరన్నారని ఒకావిడ అడిగితే, కుట్లమ్మ గడ్డంతో వదినను చూపించింది. వదిన మొహం కందగడ్డలా ఎర్రబడింది.

కానీ వెళ్లిపోలేదు. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో వరుసా వేలితో తడుముతూ చదవడం మొదలుపెట్టింది. అన్నాను, ఇదీ అన్నాను అని ఒప్పుకుంటూ పోయింది. కింది అంచు దగ్గర వేలు ఆగింది. అక్కడ తెల్ల గుడ్డ మీద తెల్ల దారం. కంటికి ఆనదు, వేలికి తగులుతుంది. వంగి చదివింది: ‘నువ్వు లేకపోయినా ఈ ఇల్లు గడుస్తుంది.’

“ఇది నాది కాదు,” అంది.

కుట్లమ్మ మొగుడి వైపు చూసింది. తను ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజున, నేను లేక ఇబ్బంది పడ్డారా అని అడిగినందుకు, మొగుడు కూర కలుపుకుంటూ, గొంతైనా పెంచకుండా అన్న మాట అది.

“నేనెప్పుడన్నాను?” అని అతను నవ్వబోయాడు.

“అన్నావురా. నేను గుమ్మంలోనే ఉన్నాను.” వదిన మరదలి వైపు తిరిగింది. ఆ చూపులో జాలేమీ లేదు. “నా తిట్లన్నీ ఎర్రగా కుట్టి ఊరందరి ముందూ పెట్టావే. వాడి మాట మాత్రం ఎవరికీ కనపడకుండా దాచావు. ఇదెక్కడి న్యాయం?”

చెంప ఛెళ్లుమన్నట్టయింది కుట్లమ్మకు. వదిన ఎన్నన్నా ఆమెకు ఏనాడూ నిద్ర పట్టకుండా పోలేదు. నిద్ర దూరమైంది ఆ ఒక్క మాటకే. దాన్నే దాచింది.

సంచిలోంచి సూదీ ఎర్ర దారం తీసింది. దారం కొస సూది బెజ్జంలోకి ఎక్కలేదు. వదిన విసురుగా లాక్కుని తనే ఎక్కించి ఇచ్చింది. బస్సుకు వేళయిందని మొగుడు రెండుసార్లు అన్నాడు, ఎవరూ వినిపించుకోలేదు. కుట్లమ్మ నేల మీద చతికిలబడి, తెల్ల అక్షరాల మీద మొదటి ఎర్ర కుట్టు వేసింది.

వదిన అంచు బిగించి పట్టుకుంది. “అక్షరాలు లావుగా కుట్టు,” అంది. “గది మాత్రం ఇవ్వను. ముందే చెప్తున్నా.”