లేచినవాళ్ల పేరు

మా కలిదిండి చర్చిలో ఐతుకులు బెంచీకొకరు. గ్రీకు పేరు, అదృష్టవంతుడని అర్థమట. బైబిల్లో మేడ కిటికీలోంచి పడి చచ్చి, మళ్లీ లేచిన కుర్రాడిది. ఇంకెక్కడా వినపడని ఈ పేరు మాకు అంటించింది, కిందటేడు పోయిన, ఊళ్లో కాన్పులు చేసే నర్సమ్మగారు. పుట్టగానే ఏడవని మగబిడ్డ వీపు రుద్దుతూ, "ఐతుకూ, లే నాయనా," అని చెవిలో పిలిచేవారు. లేచిన ప్రతివాడికీ ఆ పేరే ఉండిపోయింది. నాకూ అంతే.

ఒక సమాధుల పండగనాడు ఆవిడ పేరులేని చిన్న సిలువకు సున్నం వేస్తూ కనిపించారు.

"ఎవరిదండీ?" అన్నాను.

"మా అబ్బాయిది. నీ పేరుతో మొదట పిలిచింది వాణ్ణే."

"మరి పేరు రాయించలేదేంటండీ?"

ఆవిడ కుంచె ఆపలేదు. "లేచినోళ్ల పేరు కదా నాయనా అది. వాడు లేవలేదుగా," అన్నారు.