అక్క పెట్టిన చార్జింగ్

మా ఆయనకు లెక్కలంటే ప్రాణం. నిజామాబాద్ పసుపు మార్కెట్లో కమీషన్ ఏజెంటు. పసుపు కొమ్మును పంటికింద విరిచి, అందులో తేమ ఎంతుందో అక్కడికక్కడే చెప్పేస్తాడు. అలాంటి మనిషి ఇంటికి కరెంటు కారు వచ్చింది. ఎప్పుడు చూసినా ఎంత శాతం మిగిలిందో చూపించే కారు. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టయింది.

అబద్ధం ఎందుకు, కారు నా కోసమే కొన్నాడు. నేను మోస్రా దగ్గర ఒక ఊళ్లో టీచర్ని. రోజూ బస్సుల్లో పోయి రావడంతో నడుము పడిపోతోందని నేను మూలిగితే విని, ప్రేమతోనే కొన్నాడు. పూజ రోజున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టాం. అత్తమ్మ తడి పసుపుతో స్టీరింగుకు బొట్టు పెట్టి, పక్కనున్న స్క్రీన్‌కు కూడా పెట్టింది. వేలు తగలగానే లోపల ఫ్యాను బుస్సుమంది, ఏదో పాట అందుకుంది. అత్తమ్మ గభాలున వెనక్కి జరిగి "ఓ అవ్వో, దీనికి శివమొచ్చింది" అంది. వాకిట్లో అందరం పడీ పడీ నవ్వాం. ఆ కారు విషయంలో ఇంట్లో అందరం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

నాకు ఆ స్క్రీన్‌తో మొదటినుంచీ పడలేదు. నేను డ్రైవింగ్ నేర్చుకున్న పాత కారులో ఏసీ తగ్గించాలంటే చేత్తో తడిమితే చాలు, మర దొరికేది. దీనిలో ఏది కావాలన్నా రోడ్డు మీద నుంచి కళ్లు తీసి దాని మొహం చూడాలి. ముందు వడ్ల ట్రాక్టర్, వెనక హారన్, గుంతలో బండి ఎగిరితే వేలు పోయి ఇంకోదాని మీద పడుతుంది. మా ఆయనకు మాత్రం అది అచ్చొచ్చింది. సాయంత్రం మార్కెట్ నుంచి రాగానే, చెప్పులు విడవకముందే కారు తలుపు తీసి శాతం చూసుకుంటాడు. ఆ తర్వాత గేటు పక్కనున్న ప్లగ్గుకు వైరు తగిలిస్తాడు. సీజన్లో ఆయన వేళ్లకు పసుపు వదలదు. పొద్దున నేను బండి ఎక్కేసరికి స్క్రీన్ మీద బ్యాటరీ బొమ్మ దగ్గర పసుపు వేలిముద్ర ఉండేది. కొంగుతో తుడిచి బయలుదేరేదాన్ని.

మా అక్క ఉండేది బోధన్‌లో. అమ్మా బాపూ పోయారు. అన్నదమ్ములు లేరు. నాకు తల్లిగారిల్లంటే ఇక అక్క ఇల్లే. ఆ ఇంటికి నేను పోకూడదని మా ఆయన ఆంక్ష.

కారణం చెబితే నవ్వుతారు. మూడేళ్ల కింద అక్క బిడ్డ పెళ్లిలో మా ఆయన్ను మొదటి బంతిలో కూర్చోబెట్టలేదు. పెళ్లికొడుకు తరఫువాళ్లు కూర్చున్నారు, జాగా లేకపోయింది. ఈయన మొహం ముడుచుకుని నిలబడి ఉంటే, మా బావ వచ్చి భుజం మీద చెయ్యేసి "ఆకలైతె ఒక్క మాట చెప్పద్దా, ముందుగాలనే పెడుదుము గద!" అన్నాడు. పరాచికానికే అన్నాడు. కానీ నలుగురి ముందు అన్నాడు. రెండో బంతిలో కూర్చున్న మా ఆయన విస్తరి పక్కకు నెట్టి, అన్నం మధ్యలోంచి లేచాడు. "నేను తిండికి మొహం వాచినోన్నా? ఆ గడప నేను తొక్క, నువ్వు తొక్కద్దు" అన్నాడు ఇంటికొచ్చాక. షడ్డకుల మధ్య మాటలు అలా బందయ్యాయి. మధ్యలో అక్కాచెల్లెళ్లం ఏం పాపం చేశామో ఎవరూ అడగలేదు.

తర్వాత అక్కకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక్కసారి చూసి రమ్మన్నాడు. ఇంటికొచ్చాక మాత్రం మళ్లీ అదే మాట. బావ పొద్దంతా దుకాణంలో ఉంటాడు. అక్కకు తల దువ్వే దిక్కు లేదు. నా చేతిలో కారు ఉంది. బడి నుంచి బోధన్ ఎంత దూరమని? పోవడం మొదలుపెట్టాను. పోయి తల దువ్వి, జడ వేసి, చెయ్యికి నూనె రాసి మర్దన చేసి వచ్చేదాన్ని. ఇంట్లో బడి పని అని చెప్పేదాన్ని.

మా వైపు తల్లిగారింటికి వచ్చిన ఆడిబిడ్డను ఉత్త చేతులతో పంపరు. చీర పెడతారు, ఒడిలో బియ్యం పోస్తారు, ఏమీ లేకపోతే రెండు బెల్లం ముక్కలైనా కొంగున కడతారు. అక్క ఏది ఇవ్వబోయినా నేను వద్దనేదాన్ని. ఇంటికి తీసుకుపోతే దొరికిపోతాను. ఒకరోజు అక్కకు కోపం వచ్చింది.

"చీరొద్దంటవ్, బియ్యమొద్దంటవ్. పెద్దదాన్ని బతికుండంగ నువ్వు ఉత్తగ పోవాల్నా?" అంది. తర్వాత వాకిట్లో ఉన్న కారు వైపు చూసి "మరి దీనికన్న పెట్టనియ్యి. కరెంటుకు రంగుంటదా, వాసనుంటదా? ఎవలకు తెలుస్తది?" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంత తెలివి మనకే ఉందనుకున్నాం. అక్క ఏసీ ప్లగ్గు నుంచి కిటికీలోంచి బయటకు ఎక్స్‌టెన్షన్ బోర్డు వేయించింది. నేను డిక్కీలోంచి చార్జింగ్ వైరు తీసి ఇస్తే, ఎడమ చేత్తో తనే కారుకు తగిలించేది. మొదట్లో చెయ్యి వణికేది, గురి తప్పేది. నేను సాయం పోతే ఒప్పుకునేది కాదు. టక్కుమని లోపలికి పోయి పచ్చదీపం వెలగగానే అక్క మొహం చూడాలి. జబ్బు పడ్డాక తను ఎవరికైనా ఏమైనా ఇచ్చింది అదొక్కటే.

చాలా రోజులు గడిచిపోయాయి. చుట్టు తిరిగి వచ్చినందుకు ఖర్చయ్యే చార్జింగూ అక్క పెట్టిందీ ఇంచుమించు సరిపోయేవి. మా ఆయన లెక్కకు తేడా రాలేదు. ఎండాకాలం ఒంటిపూట బడులు మొదలవగానే మా తెలివి తెల్లారింది. మధ్యాహ్నానికే బడి అయిపోయేది, నేను పొద్దు వాలేదాకా అక్క దగ్గరే ఉండేదాన్ని. అంతసేపూ కారు కిటికీ కింద తాగుతూనే ఉండేది.

ఒక సాయంత్రం మా ఆయన కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"పొద్దుగాల తొంబై ఉండె. నువ్వు పోయి రాంగ అరవైకి రావాలె. ఎనబై అయిదుందేంది?" అన్నాడు. "దీనికి దారిల ఎవలన్న అన్నం పెట్టిండ్రా?"

"బడికాడ పెట్టిన" అన్నాను.

"మీ బడికాడ పగలు కరెంటే ఉండదంటివి గద మొన్న."

ఆయన తలుపు వేసి లోపలికి పోయాడు. అరిచి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేదాన్ని, ఆ కడుపుమంట అక్కడికే చల్లారేది. మరునాడు డిక్కీలో చార్జింగ్ వైరు లేదు. స్క్రీన్‌లో చార్జింగ్ సగానికి ఆగిపోయేలా పెట్టి ఉంది. అడిగితే "నిండ నింపితె బ్యాటరీ ఖరాబైతదట" అన్నాడు. సగం చార్జింగ్ బడికి పోయి రావడానికి సరిపోతుంది. బోధన్ చుట్టి వస్తే అడుగంటుతుంది, లెక్కలో దొరికిపోతాను. అది బ్యాటరీ మీద ప్రేమో, నా కాళ్లకు బంధమో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ నిజం తెలిస్తే ఆయనతో ఒక ఇంట్లో ఎలా ఉండాలో అని భయం.

రెండు వారాలు అక్క మొహం చూడలేదు. ఫోన్ చేస్తే "తల చిక్కు పడ్డది" అనేది, అంతే. ఇక నావల్ల కాలేదు. ఒకరోజు కారును గేటు లోపలే వదిలేసి, ఆధార్ కార్డు పర్సులో వేసుకుని బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్టు లేదు, ఎంత దూరం పోతున్నావని శాతం లెక్క అడిగేవాళ్లూ లేరు. బడి అయ్యాక మరో బస్సులో బోధన్ పోయాను.

అక్క ఎక్స్‌టెన్షన్ బోర్డు పట్టుకుని గడపలోకి వచ్చింది. "కారేది?" అంది. జరిగింది చెప్పాను. లోపలికి పోయి, బియ్యానికి పసుపు కలిపి చాటలో తెచ్చి "ఒడి పట్టు" అంది. ఈసారి వద్దనలేదు. ఎడమ చేత్తో పోస్తుంటే సగం నా కొంగులో, సగం కింద పడ్డాయి. కింద పడినవన్నీ ఏరి మళ్లీ పోసింది. నాకు ఏడుపొచ్చింది, తనకూ వచ్చింది.

ఆ బియ్యం దాచలేదు. ఆ సాయంత్రమే వండాను. కడిగినా పసుపు పూర్తిగా పోలేదు. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. పసుపుతో బతికే మనిషి, ఆయనకు తెలియకుండా ఉంటుందా.

"ఇవి ఒడిబియ్యం. ఎవలు పోసిండ్రు?"

"నాకు ఒడి పోసేటోళ్లు ఎంతమంది ఉన్నరు?" అన్నాను. "అక్క పోసింది. ఎడమ చేతితోని."

చెయ్యి కంచంలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. లేస్తాడనుకున్నాను. ఆ ఇంటి అన్నం మధ్యలోంచి ఒకసారి లేచిన మనిషే కదా. లేవలేదు. మెతుకు మిగలకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, నా వైపు చూడకుండా "కుడి చెయ్యి ఇంక లేస్తలేదా?" అన్నాడు.

"లేస్తలేదు" అన్నాను.

పొద్దున కారెక్కి చూస్తే చార్జింగ్ నూటికి నూరు ఉంది. సగం దగ్గర ఆపిన గీతను చివరిదాకా జరిపాడు. ఆ గీత మీద పసుపు వేలిముద్ర. దాన్ని తుడవబుద్ధి కాలేదు. పరుగెత్తుకెళ్లి డిక్కీ తీశాను. చార్జింగ్ వైరు మాత్రం లేదు.

పోయి రమ్మన్నాడు. వాళ్లింటి కరెంటు మాత్రం ముట్టొద్దన్నాడు. నోటితో ఒక్క మాట అనకుండానే అంతా చెప్పేశాడు. సంతోషమూ కోపమూ ఒకేసారి వచ్చి, ఏది ఎక్కువో తేల్చుకోలేక అలాగే బండి తీశాను.

మధ్యాహ్నం కారు చప్పుడు లేకుండా వాకిట్లో ఆగినా అక్కకు తెలిసిపోయింది. ఎక్స్‌టెన్షన్ బోర్డు కిటికీలోంచి లాక్కుంటూ మెట్లు దిగింది. మొహం వెలిగిపోతోంది. నేను డిక్కీ తీయకపోయేసరికి ఆగింది.

"వైరేది?"

"కడుపు నిండ తిని వచ్చిందక్కా ఇయ్యాల" అన్నాను నవ్వబోతూ.

అక్క కారును చూసింది, నన్ను చూసింది. "మీ ఆయనకు తెలిసిందా?"

"తెలిసింది."

"రానిచ్చిండా?"

"రానిచ్చిండు."

అక్క అక్కడే మెట్టు మీద కూర్చుని బోర్డు వైరును చుట్టడం మొదలుపెట్టింది. ఒక్క చెయ్యితో ఎలా చుట్టుకుంటుంది? మోకాలికి వేసి తిప్పుతుంటే మళ్లీ మళ్లీ జారిపోతోంది. నేను వంగి పట్టుకోబోయాను.

"ఉండనియ్యి" అంది నా చెయ్యి పక్కకు జరిపి. "నేనే చుట్టుకుంట."